గోవా కార్నివాల్ నాలుగు రోజులూ చూడాలంటే: తేదీ లెక్క నుంచి భస్మ బుధవారం దాకా

గోవా కార్నివాల్‌కి వెళ్లొచ్చామని చెప్పే మనవాళ్లలో ఎక్కువమంది చూసేది శనివారం సాయంత్రం పణజీలో జరిగే ఊరేగింపు ఒక్కటే. శుక్రవారం రాత్రి బయల్దేరతారు, శనివారం బారికేడ్ పట్టుకుని నిలబడతారు, ఆదివారమంతా కలంగూట్ బీచ్‌లో గడిపి సోమవారం ఉదయానికి ఆఫీసులో ఉంటారు. సరదాకి లోటేమీ ఉండదు. కాకపోతే ఆ ఊరేగింపు ఇప్పటి రూపంలో మొదలైంది 1965లో. అంతకంటే చాలా పాత పండగ ఇంకోటుంది. అది దక్షిణ గోవా పల్లెల్లో, చర్చి ముందు ఖాళీ జాగాల్లో, ఇళ్ల వాకిళ్లలో జరుగుతుంది. అక్కడ బారికేడ్లుండవు, స్పాన్సర్ల బ్యానర్లు కట్టిన ట్రక్కులూ ఉండవు. ఈ రెండూ ఒకే ట్రిప్పులో చూడాలనుకునేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. మీకు ఒక్క రోజే సెలవు దొరికిందనుకోండి, శనివారం వదిలేసి సోమవారం పెట్టుకోమంటాను. ఎందుకో కింద చెబుతాను.

ముందు పండగ సంగతి

ఈస్టర్‌కి ముందు నలభై రోజులు ఉపవాస కాలం. మన కథోలికులు తపస్సు కాలం అంటారు, మిగతా సంఘాలవాళ్లు శ్రమల కాలం అంటారు. అది భస్మ బుధవారంతో మొదలవుతుంది. కిందటేడు మట్టల ఆదివారం నాటి మట్టల్ని దాచిపెట్టి, వాటిని కాల్చిన బూడిదతో ఆ రోజు నుదుట సిలువ గుర్తు పెడతారు. పాత కాలంలో ఐరోపాలో ఈ నలభై రోజులూ మాంసం ముట్టేవాళ్లు కాదు. చాలాచోట్ల గుడ్లు, వెన్న, పాలు కూడా మానేసేవాళ్లు. అందుకే బుధవారం వచ్చేలోపు ఇంట్లో ఉన్న మాంసం, కొవ్వు, గుడ్లు అన్నీ వండుకు తినేయాలి, తాగాలనుకున్నది తాగేయాలి, ఆటా పాటా వేళాకోళం అన్నీ ముగించేసుకోవాలి. ఆ చివరి రోజుల హడావుడే కార్నివాల్.

తెలుగు క్రైస్తవుల్లో ఈ అలవాటు లేదు. మన గుంటూరు, కృష్ణా, నల్గొండ జిల్లాల చర్చిల్లో నేరుగా బూడిద బుధవారంతోనే మొదలుపెడతారు, ముందు నాలుగు రోజుల గోల ఉండదు. గోవాలో ఉండటానికి కారణం పోర్చుగీసువాళ్లు. 1510లో వచ్చి 1961 డిసెంబర్ దాకా పాలించారు. వాళ్ల దేశంలో ఈ రోజుల్ని ఎంత్రూదు అనేవాళ్లు, గోవా పల్లెల్లో ఇప్పటికీ ఇంత్రూజ్ అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. పాత ఇంత్రూజ్‌లో ట్రక్కులూ శకటాలూ లేవు. పిండీ రంగుపొడీ నింపిన కాగితపు పొట్లాలు ఒకరి మీద ఒకరు విసురుకునేవాళ్లు, నీళ్లు కుమ్మరించుకునేవాళ్లు. మాస్కులేసుకుని తెలిసినవాళ్ల ఇళ్ల మీదకి గుంపుగా వచ్చి పడి, ఆడి పాడి, వాళ్ల చేత వండించుకు తిని వెళ్లేవాళ్లు. పనివాళ్లు దొరల వేషం కట్టి దొరల ముందే వాళ్లను వెక్కిరించినా చెల్లుబాటయ్యే రోజులు అవి. ఆ వెక్కిరింపు బుద్ధి పల్లెల నాటకాల్లో ఇంకా బతికే ఉంది.

పోర్చుగీసు పాలన చివరి దశాబ్దాల్లో, సలజార్ నియంతృత్వ కాలంలో, ఈ పండగ బాగా చప్పబడింది. విముక్తి తర్వాత 1965లో తిమోతియో ఫెర్నాండెస్ అనే స్థానిక సంగీతకారుడి చొరవతో ఊరేగింపు రూపంలో మళ్లీ లేచింది. తర్వాత పర్యాటక శాఖ అందుకుంది. మనం టీవీలో చూసేది ఆ రూపమే.

మొదటి పని: తేదీ తేల్చుకోవడం

కార్నివాల్‌కి ఏటా ఒకే తేదీ ఉండదు. ఈస్టర్ ఎప్పుడో తెలిస్తే చాలు, వెనక్కి లెక్కపెట్టొచ్చు. ఈస్టర్ ఆదివారం నుంచి 46 రోజులు వెనక్కి వెళ్తే భస్మ బుధవారం వస్తుంది. ఉపవాసం నలభై రోజులే కదా, 46 ఎందుకంటారా? మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు ఉపవాసంలో లెక్కలోకి రావు. ఆ బుధవారానికి ముందు వచ్చే శని, ఆది, సోమ, మంగళవారాలు కార్నివాల్.

2027లో ఈస్టర్ మార్చి 28న. అంటే భస్మ బుధవారం ఫిబ్రవరి 10, కార్నివాల్ ఫిబ్రవరి 6 నుంచి 9 దాకా. 2028లో ఈస్టర్ ఏప్రిల్ 16న కాబట్టి కార్నివాల్ ఫిబ్రవరి 26 నుంచి 29 దాకా. 2029లో ఫిబ్రవరి 10 నుంచి 13 దాకా.

పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకి ఇంకో దారి ఉంది. ఈస్టర్ లెక్క పౌర్ణమితో ముడిపడింది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం. అక్కణ్నుంచి నెలన్నర వెనక్కి వెళ్తే ఎక్కడ తేలతాం? అమావాస్య దగ్గర. అందుకే కార్నివాల్ ఎప్పుడూ అమావాస్య చుట్టుపక్కలే పడుతుంది, చాలా ఏళ్లు మన శివరాత్రి హడావుడిలో కలిసిపోతుంది. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న, కార్నివాల్ 14 నుంచి 17 దాకా. 2027లో మాత్రం నెల ముందే వస్తుంది, పణజీ ఊరేగింపు శనివారమే చొల్లంగి అమావాస్య. ఇంట్లో పెద్దవాళ్లు అమావాస్య నాడు ప్రయాణమేమిటని అడ్డుపడతారేమో చూసుకోండి.

ఒక హెచ్చరిక. సోషల్ మీడియాలో "గోవా కార్నివాల్" పేరుతో తిరిగే వీడియోల్లో కొన్ని గోవాలోనే దివార్ దీవిలో జరిగే బొందెరాం అనే పండగవి. రంగురంగుల జెండాలు, శకటాలు ఉంటాయి కాబట్టి చూడటానికి ఒకేలా అనిపిస్తుంది, కానీ అది ఆగస్టులో జరిగే వేరే పండగ. వీడియో చూసి సెలవు పెట్టేయకండి.

రెండో పని: టికెట్లు, బస

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. 2027 ఫిబ్రవరి 5 శుక్రవారం బయల్దేరాలంటే 2026 డిసెంబర్ మొదటి వారంలోనే ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. సికింద్రాబాద్ నుంచి వాస్కో డ గామాకి వారానికి రెండు రోజులు నేరు రైలు ఉంది, మహబూబ్‌నగర్, కర్నూలు, గుంతకల్ మీదుగా వెళ్తుంది. 2024 అక్టోబర్‌లో మొదలైంది. విజయవాడ, గుంటూరు, నంద్యాల వైపువాళ్లకి అమరావతి ఎక్స్‌ప్రెస్ పాత నేస్తమే. ఏ రైలు ఏ రోజు నడుస్తుందో బుకింగ్‌కి ముందు ఒకసారి చూసుకోండి, రోజులు మారుతుంటాయి. ఈ రెండు రైళ్లలో ఏదెక్కినా వాస్కో దాకా టికెట్ తీసుకోకుండా మడగావ్‌లో దిగడం మేలు. ఇంగ్లీషులో మార్గావ్ అంటారు, రైల్వే బోర్డు మీద మడగావ్ అని ఉంటుంది, రెండూ ఒకటే.

విమానంలో వెళ్లేవాళ్లు టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టు అని ఉందో కచ్చితంగా చూసుకోవాలి. గోవాకి రెండున్నాయి. దాబోలిం వాస్కో పక్కన, దక్షిణాదికి దగ్గర. మోపా ఉత్తరాన పెర్నెం తాలూకాలో, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర. ఈ మార్గదర్శి ప్రకారం తిరిగేవాళ్లకి దాబోలిమే సుఖం. మోపాలో దిగి మడగావ్ చేరేసరికి సగం పూట టాక్సీలోనే గడిచిపోతుంది.

బస ఒకేచోట పెట్టుకోకండి. శుక్ర, శనివారాలు పణజీలో, ఆది, సోమవారాలు మడగావ్ చుట్టుపక్కల, వీలైతే మంగళవారం రాత్రి మళ్లీ పణజీలో. పణజీలో ఫొంతైన్యాస్, సావ్ తొమె పేటల్లో పాత పోర్చుగీసు కాలం ఇళ్లను గెస్ట్‌హౌస్‌లుగా మార్చారు, అవి ముందుగా నిండిపోతాయి. బాగా, కలంగూట్ వైపు గది తీసుకుంటే చవగ్గా దొరకొచ్చు గానీ ఊరేగింపు రోజు సాయంత్రం మాండవి వంతెన మీద ఇరుక్కుపోతారు. మొత్తం ఖర్చు చూస్తే మిగిలేదేమీ ఉండదు.

గోవాలో ఓలా, ఊబర్ నడవవు. గోవామైల్స్ అనే యాప్ ఉంది, ఊరేగింపు అయ్యాక అందులోనూ బండి దొరకడం కష్టమే. పగటిపూట కదంబ బస్సులు, అంటే గోవా ప్రభుత్వ బస్సులు, హాయిగా ఉంటాయి. పణజీ నుంచి మార్గావ్‌కి మధ్యలో ఆగకుండా వెళ్లే షటిల్ సర్వీసులున్నాయి. అద్దెకి స్కూటర్ తీసుకుంటే నంబర్ ప్లేటు చూడండి: నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే అది అద్దెకివ్వడానికి అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు బండి అంటగడితే తీసుకోవద్దు, చెక్‌పోస్టులో దొరికితే టెన్షన్ మీదే.

శనివారం: పణజీ

ఇటీవలి ఏళ్లలో శుక్రవారం సాయంత్రమే నది అవతల పొర్వొరిమ్‌లో ఒక తొలి ఊరేగింపు పెడుతున్నారు. అది చూడకపోయినా కొంపలు మునగవు. అసలు ఆరంభం శనివారమే. ఆ రోజు కింగ్ మోమో వస్తాడు. గ్రీకుల పురాణాల్లో వెక్కిరింతకు దేవుడైన మోమస్ పేరు మీద పుట్టిన పాత్ర ఇది. కిరీటం, మెరుపుల కోటు, మీసం, పక్కన రాణి, చుట్టూ విదూషకులు. ఏటా ఎవరో ఒక గోవా మనిషిని ఆ పాత్రకు ఎంపిక చేస్తారు. అతను శాసనం చదివి ప్రజలకిచ్చే ఆజ్ఞ ఒకటే: "ఖా, పియే, మజ్జా కర్". తినండి, తాగండి, మజా చేయండి అని.

ఊరేగింపు మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య మొదలవుతుందని ప్రకటిస్తారు, మీరు రెండింటికల్లా చోటు చూసుకోవాలి. రూటు మాండవి నది పక్కనో, మిరామార్ వైపో ఉంటుంది. ఏటా మారుస్తుంటారు కాబట్టి ఆ వారం పర్యాటక శాఖ ప్రకటన చూసి నిర్ణయించుకోండి. శకటాలు మొదలయ్యే చోట నిలబడితే మంచిది. అక్కడ కళాకారులు ఇంకా అలిసిపోకుండా ఉంటారు, వరసలో ఆగి ఉన్న బండ్లను దగ్గర్నుంచి చూడొచ్చు, జనం కూడా చివరి చోటు కంటే పల్చగా ఉంటారు. చూడటానికి టికెట్ అక్కర్లేదు. కుర్చీల వరసలు కనిపిస్తే అవి పాసులున్నవాళ్లవి, అక్కడ వాదనకు దిగకండి.

శకటాలు ఒక్కోటి ఒక్కో తీరు. కంపెనీల ప్రకటనల బండ్లు వచ్చినప్పుడు నీళ్లు తాగండి, ఫోన్‌కి విశ్రాంతి ఇవ్వండి. ఊళ్లవాళ్లు కట్టుకొచ్చినవి వచ్చినప్పుడు మాత్రం కళ్లు తిప్పొద్దు. లారీ మీద నిజం కొబ్బరిచెట్టు మొద్దు నిలబెట్టి, నడుముకి కత్తీ సొరకాయ బుర్రా కట్టుకున్న కల్లుగీత మనిషి దాని మీద ఎక్కి దిగుతూ ఉంటాడు. కింద మట్టికుండల మీద కుండలు బోర్లించి ఫెనీ అనే గోవా నాటుసారా బట్టీ పెట్టి ఉంటుంది, ఒక ముసలమ్మ పొయ్యి ఊదుతున్నట్టు నటిస్తుంది. వెనక సైకిల్ మీద వెదురు గంప పెట్టుకుని రబ్బరు హారన్ మోగిస్తూ రొట్టెలవాడు, అక్కడ పొదేర్ అంటారు, రొట్టె ముక్కలు జనం మీదకి విసురుతాడు. ఆ వెనకే గుంతలు పడ్డ రోడ్ల మీదో, ఊరి పొలాలు కొంటున్న బిల్డర్ల మీదో సెటైర్ బండి వస్తుంది. పోలీసుల ముందే పోలీసుల్ని ఆటపట్టిస్తారు. పాత ఇంత్రూజ్ చూడాలంటే ఈ ఊరేగింపులో అదే చోటు.

చీకటి పడ్డాక మున్సిపల్ గార్డెన్ దగ్గర సంబా స్క్వేర్ పేరుతో పాటలు, తిండి దుకాణాలు ఉంటాయి. కుటుంబంతో వచ్చినవాళ్లకి ఊరేగింపు కంటే ఇదే సుఖం, పిల్లల్ని భుజాల మీద మోయనక్కర్లేదు.

ఆదివారం: మార్గావ్, పల్లెల ఖేళ్

ఆదివారం ఊరేగింపు మార్గావ్‌లో. పణజీలో చూసిన బండ్లలో చాలావరకు ఇక్కడికీ వస్తాయి కాబట్టి దీనికోసం పాకులాడొద్దు. సోమవారం వాస్కో, మంగళవారం మాపుసా, ఇదీ మామూలు వరస. పణజీ చూసినవాళ్లకి మిగతా మూడూ చూడాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. పణజీ గుంపు పడనివాళ్లు మాత్రం మార్గావ్‌దే చూడొచ్చు.

మీరు వెతకాల్సింది ఖేళ్. మార్గావ్ చుట్టూ ఉన్న సాల్సెట్ తాలూకా పల్లెల్లో ఇంత్రూజ్ రోజుల్లో ఆడే వీధి నాటకం ఇది. పాత పద్ధతిలో స్టేజీ ఉండదు. చర్చి ముందు జాగాలోనో, పెద్ద ఇంటి వాకిట్లోనో నేల మీదే ఆడతారు. జొమ్నివయ్లో ఖేళ్ అనేది దానికే. ట్రంపెట్ ఊదేవాళ్లు ఇద్దరు, ఒక డ్రమ్ము, ఒకటి రెండు తాళాలు. బృందం పాడుకుంటూ వరసగా నడిచి వచ్చి గుండ్రంగా తిరుగుతుంది, అక్కడికక్కడ కథ మొదలవుతుంది. కువైట్‌లో సంపాదించి పంపిన డబ్బు ఇక్కడ తాగేసిన తమ్ముడు, కోడలికీ అత్తకీ ఇంటి మీద తగువు, ఓట్లకి వచ్చి కనబడకుండా పోయిన నాయకుడు. మధ్యమధ్యలో హాస్యం, వెక్కిరింపు పాటలు. ఒకప్పుడు ఆడ పాత్రలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు, ఇప్పుడు ఆడవాళ్లు నటిస్తున్నారు. ఒక ఊళ్లో అయిపోగానే వ్యాన్ ఎక్కి ఇంకో ఊరు. ఒక్క రోజులో అలా ఎన్నో ఆటలు.

కొంకణి రాకపోతే అర్థమవుతుందా? మాటలు అర్థం కావు, కథ అర్థమవుతుంది. పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడిగితే హిందీలోనో ఇంగ్లీషులోనో సంతోషంగా చెబుతాడు, ఎవరి మీద సెటైర్ వేశారో కూడా.

ఎక్కడ ఆడుతున్నారో తెలుసుకోవడమే అసలు కష్టం. పర్యాటక శాఖ కరపత్రంలో అన్నీ ఉండవు. మార్గావ్ మార్కెట్ గోడల మీద, బస్టాండ్‌లో కొంకణి పోస్టర్లు అంటించి ఉంటాయి, రోమన్ లిపిలోనే ఉంటాయి కాబట్టి ఊరి పేరు, టైము చదువుకోవచ్చు. మీరు దిగిన ఇంటివాళ్లని, పొద్దున్నే వచ్చే రొట్టెలవాణ్ని, ఊరి చివర తవెర్నాలో, అంటే చిన్న మందు కొట్లో, కూర్చున్నవాళ్లని అడగండి. కుర్తోరి, లొటోలి, బెనోలి, కొల్వా, అసొల్నా, చించొణి వైపు తిరగండి. చర్చి దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు వేస్తుంటే అక్కడ ఆగిపోవడమే.

ఈ రోజుల్లో ఖేళ్ స్టేజీ కూడా ఎక్కింది. మైకులు, లైట్లు, టికెట్లతో మార్గావ్ రవీంద్ర భవన్ లాంటి హాళ్లలో ఆడే దాన్ని ఖేళ్ తియాత్ర్ అంటారు. నటన బావుంటుంది, కుర్చీలు మెత్తగా ఉంటాయి. అయినా ముందు నేల మీదిది చూసి తర్వాత హాల్లోది చూడండి.

సోమవారం: చాందోర్ రోకళ్లు

ఇక్కడికి వచ్చాం. శనివారం వదిలేసైనా ఈ రోజు చూడమన్నది దీనికోసమే.

మార్గావ్ నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో చాందోర్ అనే ఊరుంది. ఒకప్పుడు చంద్రపురం, గోవా కదంబుల తొలి రాజధాని. పోర్చుగీసువాళ్ల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందటి ఊరు. కార్నివాల్ సోమవారం రాత్రి ఈ ఊళ్లో ముసొళ్ ఖేళ్ జరుగుతుంది. ముసొళ్ అంటే రోకలి. ప్రార్థనతో మొదలై, ఊళ్లోని చార్దో కుటుంబాల మగవాళ్లు, అంటే ఎప్పుడో క్రైస్తవం పుచ్చుకున్న క్షత్రియ కుటుంబాలవాళ్లు, పాత పద్ధతి బట్టలు కట్టుకుని రోకళ్లు పట్టుకుని వరసగా బయల్దేరతారు. ఇంటింటి ముందూ ఆగుతారు. పాత కొంకణి పాట ఒక గొంతు అందుకుంటుంది, మిగతా గొంతులు అందిస్తాయి, అడుగుకొకసారి రోకళ్లన్నీ ఒక్కసారి నేలను తాకుతాయి. ఆ దెబ్బ చెవులతో కంటే అరికాళ్లతో ఎక్కువ తెలుస్తుంది. మన దంపుళ్ల దగ్గర సువ్వి పాటలు విన్నవాళ్లకి ఆ లయ వెంటనే పట్టుబడుతుంది.

విజయనగరపు హరిహరుడు చోళుల మీద గెలిచినదానికి గుర్తుగా ఈ ఆట పుట్టిందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. అక్షరాలా తీసుకుంటే లెక్క కుదరదు. చోళుల రాజ్యం 13వ శతాబ్దంలోనే ముగిసింది, విజయనగరం పుట్టింది 1336లో. అయితే 14వ శతాబ్దం చివర్లో గోవా విజయనగరం చేతికి వచ్చిన మాట నిజం. జనం జ్ఞాపకంలో శత్రువు పేరు మారిపోయి ఉండొచ్చు. హంపీ రాజుల పేరు క్రైస్తవ కుటుంబాల నోట, కార్నివాల్ రాత్రి వినిపించడం చూస్తే, మతం మారినా ఊరి పండగ ఊరిదేనని ఒప్పుకోవాల్సి వస్తుంది.

సోమవారం ఇలా నడపండి. మధ్యాహ్నం చాందోర్ చేరి బ్రగాంజా ఇల్లు చూడండి. 17వ శతాబ్దంలో మొదలైన ఇల్లు, మధ్య గుమ్మం నుంచి రెండు వైపులా రెండు కుటుంబాలు విడిపోయాయి. రెండు భాగాలూ విడివిడిగా చూపిస్తారు, విడివిడిగానే డబ్బు తీసుకుంటారు. అది ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఇల్లు కాబట్టి ఫోటోలకి అడిగి తీసుకోండి. సాయంత్రం మార్గావ్ తిరిగొచ్చి తిని, రాత్రికి మళ్లీ వెళ్లండి. వెళ్లే టాక్సీనే తిరుగు ప్రయాణానికీ మాట్లాడుకోండి, ఆ వేళప్పుడు చాందోర్‌లో బండి దొరకదు. సోమవారం కుదరకపోతే మంగళవారం పక్కనే ఉన్న కావొరి ఊళ్లో కూడా ముసొళ్ ఆడతారు.

మర్యాద విషయంలో ఇక్కడ గట్టిగా ఉండాలి. ఇది టూరిస్టుల కోసం పెట్టిన ప్రోగ్రామ్ కాదు, ఊరి మొక్కు లాంటిది. వరసలోకి దూరి రోకలి పట్టుకుంటాననకండి. ఫ్లాష్ కొట్టకండి. నాట్యం చేసేవాళ్ల వెనకాల ఒక ఇరవై అడుగులు వదిలి నడవండి. ఎవరింటి ముందైనా మీకూ ఏదైనా పెడితే వద్దనకుండా కాస్త తీసుకోండి.

మంగళవారం: ఎరుపూ నలుపూ

చివరి రోజు పణజీలో రెడ్ అండ్ బ్లాక్ డ్యాన్స్. క్లబ్ నాసియొనాల్ అనే పాత క్లబ్ వాళ్లు పెడతారు. పేరులోనే ఉంది, బట్టలు ఎరుపూ నలుపే. ఎర్ర చొక్కా, నల్ల ప్యాంటు సూట్‌కేసులో వేసుకు వెళ్లండి, ఆడవాళ్లకి నల్ల చీర ఎర్ర జాకెట్టు అయినా అద్భుతంగా ఉంటుంది. లైవ్ బ్యాండు, పోర్చుగీసు పాటలు, కొంకణి పాటలు, నడివయసు దంపతులు మనకంటే బాగా డ్యాన్స్ చేయడం, అదీ సంగతి. గోవా పాత మధ్యతరగతి తన కోసం తాను జరుపుకునే కార్నివాల్ ఇదే. ఆ రోజు ఉదయమంతా పడుకుని సాయంత్రానికి ఓపిక దాచుకోండి.

ఏం తినాలి

నలభై రోజులు మాంసం మానేసే ముందు తినే తిండి కాబట్టి ఈ నాలుగు రోజుల వంటల్లో పంది మాంసానిదే రాజ్యం. సొర్పొతెల్ అడగండి. మాంసం, కార్జం సన్నగా తరిగి, వెనిగర్, ఎండుమిర్చి మసాలాలో వండే కూర, ఒకటి రెండు రోజులు ఊరితేనే రుచి. దానికి జోడీ సన్నాలు, కల్లు పోసి పులియబెట్టిన బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించినవి. వీధి బండ్ల దగ్గర చొరీస్ పావ్ దొరుకుతుంది, కారం సాసేజ్‌ని ఉల్లిపాయతో వేయించి రొట్టెలో పెట్టిస్తారు. గుంటూరు నాలుకకి కూడా సరిపడే కారం. పంది తిననివాళ్లకి చికెన్ కఫ్రియల్, శాకుతి ఉన్నాయి. శాకాహారులు ఆకలితో ఉండక్కర్లేదు, పణజీ, మార్గావ్‌లలో ఉడిపి హోటళ్లు బోలెడు. దొరికితే ఖట్‌ఖటే అనే కలగూర, తీపికి ఆలె బెలె తినండి: పలచటి అట్టులో కొబ్బరి లౌజు పెట్టి చుట్టినది.

ఫెనీ గురించి ఒక మాట. జీడిమామిడి పండ్ల సీజన్ కార్నివాల్ నాటికి ఇంకా పూర్తిగా అందుకోదు, కాబట్టి ఫిబ్రవరి మొదట్లో దొరికే జీడిమామిడి ఫెనీ కిందటేటిదే. తొలి బట్టీలో దిగే తేలిక సరుకు ఉర్రాక్ కావాలంటే కార్నివాల్ ఆలస్యంగా, మార్చి వైపు వచ్చే ఏడాది వెళ్లాలి.

తప్పించుకోవాల్సిన తలనొప్పులు

బీచ్‌లో, రోడ్డు మీద బాటిల్ తెరిస్తే జరిమానా ఉంది, పండగ రోజుల్లో కాస్త ఎక్కువే తిరుగుతారు పోలీసులు. తాగి స్కూటర్ నడిపితే సంగతి చెప్పనక్కర్లేదు. రంగు, పిండి, నురుగు స్ప్రేలు తెలియనివాళ్ల మీద వేయకండి, "పాత ఆచారం" అనే వంక ఇప్పుడు పనిచేయదు. డ్యాన్స్ చేసే అమ్మాయిల మీదకి ఫోన్ పెట్టి జూమ్ చేయడం, పక్కన నిలబడి తాకడం కేసుల దాకా వెళ్తాయి. ఈ ప్రవర్తన చూసే చర్చి పెద్దలు, గోవా మహిళా సంఘాలు కార్నివాల్ మీద చాలాసార్లు అభ్యంతరం చెప్పారు. పర్సు ముందు జేబులో, పిల్లల చేతికి మీ ఫోన్ నంబర్ రాసిన పట్టీ. చెవులు సున్నితమైనవాళ్లు, చంటిపిల్లలు ఉన్నవాళ్లు శకటాల స్పీకర్లకి దూరంగా రెండో వరసలో ఉండండి.

బుధవారం ఉదయం

వెంటనే రైలెక్కకుండా, వీలుంటే బుధవారం ఉదయం పణజీ నడిబొడ్డున మెట్ల మీద ఉన్న తెల్ల చర్చికి, అమలోద్భవ మాత గుడికి వెళ్లండి. రాత్రి ఎర్ర బట్టల్లో ఆడినవాళ్లే నుదుట బూడిదతో మెట్లు దిగుతుంటారు. క్రైస్తవులు కానివాళ్లు వెనక బెంచీలో కూర్చోవచ్చు. మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, ఫోటోలు వద్దు. ఆ రోజు కథోలికుల ఇళ్లలో మాంసం ఉండదు. మీరు దిగిన ఇంట్లో భోజనం పెడుతుంటే చేపల పులుసు తప్ప ఇంకేమీ అడగకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇదే తేదీ లెక్క న్యూ ఆర్లీన్స్‌కీ పనికొస్తుంది. అక్కడ సీజన్ జనవరి 6నే మొదలై, ఈ మంగళవారమే మార్డీ గ్రా పేరుతో ముగుస్తుంది. ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగులు, విసిరే పూసల దండలు, కింగ్ కేక్. రియో, వెనిస్, కొలోన్ కూడా ఇదే వారంలో ఊగిపోతుంటాయి.

ఏ కారణం చేతైనా కార్నివాల్ తప్పిపోతే శిగ్మో ఉంది. ఫాల్గుణ పౌర్ణమి, హోళీ ప్రాంతంలో గోవా హిందువులు జరుపుకునే పండగ ఇది. అవే ఊళ్లలో ఊరేగింపులు జరుగుతాయి. రొంటామేళ్ అనే ఊరేగింపు బృందాల డోళ్ల మోత, నడుముకి గుర్రం బొమ్మ కట్టుకుని ఆడే ఘోడెమోడ్ని, రామాయణ భారతాల శకటాలు ఉంటాయి. గదులు కూడా కార్నివాల్ నాటి కంటే సులువుగా దొరుకుతాయి. తేదీలు పంచాంగం ప్రకారమే కాబట్టి ఈసారి ఈస్టర్‌తో పని లేదు.